‘ప్రవర్తనలో మార్పు లేదు’ అనే ప్యాచ్: బిల్డ్ సిస్టమ్ క్లీనప్‌లని రివ్యూ చేసేవాళ్లకి సమగ్ర మార్గదర్శి

ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో అందరూ వాడుకునేవీ, ఎవరూ ముట్టుకోవడానికి ఇష్టపడనివీ బిల్డ్ ఫైళ్లే, అంటే సోర్స్ కోడ్ నుంచి ప్రోగ్రామ్ ఎలా తయారవ్వాలో చెప్పేవి. ఎప్పుడో ఎవరో రాసిన మేక్‌ఫైల్ (‘మేక్’ అనే బిల్డ్ టూల్ చదివే ఫైల్), దాని మీద ఇంకొకరు వేసిన అతుకు, ఆ అతుకు మీద మరో అతుకు. ఒకరోజు ఒక కంట్రిబ్యూటర్ ఓపిక చేసుకుని అదంతా సర్దుతారు. పుల్ రిక్వెస్ట్ (మార్పుని చేర్చమనే అభ్యర్థన) వివరణలో ఒకటే వాక్యం: ‘బిల్డ్ క్లీనప్, ప్రవర్తనలో మార్పు లేదు’. 400 లైన్లు పోయాయి, 150 వచ్చాయి. సీఐ (ప్రతి మార్పుకీ బిల్డునీ టెస్టులనీ తనంతట తనే నడిపే వ్యవస్థ) పచ్చగా ఉంది. రివ్యూ మీ దగ్గరికి వచ్చింది.

ఇలాంటి ప్యాచ్‌ని కొందరు పైపైన చూసి ఆమోదిస్తారు. ఇంకొందరు భయపడి నెలల తరబడి అలాగే ఉంచేస్తారు. మొదటి పని వాడుకునేవాళ్లకి నష్టం, రెండోది ఓపికగా సర్దిన మనిషికి అన్యాయం.

నేను చెప్పదలుచుకున్నది ఒకటే. క్లీనప్ ప్యాచ్ అంటే ఒక హామీ: ముందు ఏం తయారయ్యేదో ఇప్పుడూ అదే తయారవుతుంది అని. ఆ హామీ నిజమో కాదో డిఫ్ (మారిన లైన్ల జాబితా) చదివితే తేలదు. పాత బిల్డునీ కొత్త బిల్డునీ పక్కపక్కన పెట్టి, బయటికొచ్చిన వాటిని పోల్చితేనే తేలుతుంది. డిఫ్ చదవడం అవసరమే, కానీ అది ఎక్కడ పోల్చి చూడాలో తెలుసుకోవడానికి.

మొదటి అడుగు: ప్యాచ్‌ని విడగొట్టమని అడగండి

క్లీనప్ అనే ఒక్క పేరు కింద చాలా పనులు దూరిపోతాయి. ఇండెంటేషన్ సరిచేయడం, ఫైళ్ల జాబితాని అక్షరక్రమంలో పెట్టడం, వాడకంలో లేని వేరియబుల్స్ తీసేయడం, నాలుగు చోట్ల ఉన్న ఒకే ముక్కని ఒకచోటికి చేర్చడం, పాత పద్ధతి స్థానంలో కొత్త పద్ధతి తేవడం. వీటిలో ఒక్కోదాన్ని ఒక్కో రకంగా పరీక్షించాలి. అన్నీ ఒకే కమిట్‌లో (గిట్‌లో ఒకసారి నమోదు చేసే మార్పుల కట్టలో) కలిసిపోతే ఏ పరీక్షా సరిగ్గా చేయలేం.

అందుకే లైన్లు చదవడం మొదలుపెట్టకముందే, రకానికో కమిట్‌గా విడగొట్టమని అడగండి. ప్రతి కమిట్ దానంతట అదే బిల్డ్ అవ్వాలని కూడా చెప్పండి. రేపు ఏదైనా చెడితే ‘గిట్ బైసెక్ట్’ (చెడగొట్టిన కమిట్‌ని వెతికే కమాండ్) సరిగ్గా ఆ కమిట్ దగ్గర ఆగుతుంది. ఉత్త ఫార్మాటింగ్ కమిట్‌లుంటే వాటి హ్యాష్‌లని బ్లేమ్ (ఏ లైన్ ఎవరు మార్చారో చూపే కమాండ్) పట్టించుకోకూడని కమిట్‌ల ఫైల్లో చేర్చమనండి. గిట్ 2.23 నుంచి, అంటే 2019 నుంచి, ఆ సదుపాయం ఉంది. అది లేకపోతే ఆ ఫైల్లో ప్రతి లైన్ చరిత్రా సర్దినవాళ్ల పేరు దగ్గరే ఆగినట్టు కనిపిస్తుంది.

విడగొట్టాక, ఫార్మాటింగ్ కమిట్‌ని ఖాళీలు పట్టించుకోని డిఫ్‌తో చూస్తే ఏమీ కనిపించకూడదు. ఒక్క జాగ్రత్త: మేక్‌ఫైల్‌లో ఖాళీకి అర్థం ఉంది. రూల్ కింద కమాండ్ ట్యాబ్‌తో మొదలవ్వాలి. ఎడిటర్ ఆ ట్యాబ్‌ని ఎనిమిది స్పేసులుగా మార్చేస్తే, ఖాళీలు పట్టించుకోని డిఫ్ దాన్ని మీ కంట పడకుండా దాచేస్తుంది. మేక్‌ఫైల్‌ని మాత్రం రెండు రకాలుగానూ చూడండి.

రెండో అడుగు: పాత బిల్డ్‌ని కొలిచి దాచుకోండి

కొత్తదాన్ని ముట్టుకోకముందు పాతదాని కొలతలు తీసుకోవాలి. చాలామంది దాటవేసే అడుగు ఇదే, మిగతావన్నీ ఆధారపడేది కూడా దీని మీదే.

ప్యాచ్ ఎక్కడి నుంచి మొదలైందో ఆ కమిట్‌ని ‘గిట్ వర్క్‌ట్రీ’తో వేరే డైరెక్టరీలో తెరవండి. పూర్తిగా బిల్డ్ చేసి, డెస్ట్‌డిర్ (ఇన్‌స్టాల్ ఎక్కడికి వెళ్లాలో చెప్పే) వేరియబుల్ ఇచ్చి ఒక ఖాళీ డైరెక్టరీలోకి ఇన్‌స్టాల్ చేయండి. నాలుగు విషయాలు భద్రం చేసుకోండి: కాన్ఫిగర్ దశలో (సిస్టమ్‌లో ఏమేం ఉన్నాయో బిల్డుకి ముందు చూసుకునే దశ) తెర మీదకొచ్చిన మొత్తం అవుట్‌పుట్, ఆ జవాబులతో తయారైన కాన్ఫిగ్ హెడర్, ప్రతి సోర్స్ ఫైలుకీ కంపైలర్‌ని పిలిచిన పూర్తి కమాండ్, ఇన్‌స్టాల్ అయిన ఫైళ్ల జాబితా వాటి పర్మిషన్లతో సహా. కంపైల్ కమాండ్‌లని మెసన్ అనే బిల్డ్ సిస్టమ్ తనంతట తనే జేసన్ ఫైల్లో రాసిపెడుతుంది. ఇంకో బిల్డ్ సిస్టమ్ అయిన సీమేక్‌కి ఒక ఆప్షన్ ఇస్తే రాస్తుంది. మేక్ అయితే మొత్తం కమాండ్‌లు కనిపించేలా నడిపించి లాగ్ దాచుకోండి, లేదా ‘బేర్’ అనే టూల్‌తో అదే జేసన్ తయారుచేసుకోండి.

ఇప్పుడు పాతదాన్నే ఇంకోసారి మొదటి నుంచి బిల్డ్ చేసి, రెండు పాత బిల్డులనీ పోల్చండి. వింతగా అనిపించొచ్చు కానీ ఇది చాలా అవసరం. రెండు పాత బిల్డులే ఒకదానితో ఒకటి సరిపోకపోతే, రేపు కొత్తదానిలో కనిపించే తేడా ప్యాచ్ వల్ల వచ్చిందో, ఎప్పటి నుంచో ఉన్నదో ఎలా చెప్తాం? తేడాలకి మామూలుగా రెండు కారణాలుంటాయి. కోడ్‌లో తేదీ, సమయం మాక్రోలుంటే ప్రతి బిల్డుకీ మారతాయి. సోర్స్ డేట్ ఎపాక్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కి ఒక స్థిరమైన విలువ ఇస్తే జీసీసీ కంపైలర్ 7వ వెర్షన్ నుంచి దాన్ని గౌరవిస్తుంది. రెండోది డైరెక్టరీ పేరు. డీబగ్ సమాచారంలోకీ అసర్ట్ (కోడ్‌లో పెట్టే తనిఖీ) సందేశాల్లోకీ ఫైల్ పాత్ చేరుతుంది కాబట్టి, పాతదీ కొత్తదీ ఒకే పాత్‌లో ఒకదాని తర్వాత ఒకటి బిల్డ్ చేయండి. కుదరకపోతే జీసీసీ 8 నుంచి ఉన్న ఫైల్ ప్రిఫిక్స్ మ్యాప్ ఆప్షన్ వాడండి.

మూడో అడుగు: తీసేసిన లైన్లని మొదట చదవండి

క్లీనప్‌లో చేర్చిన లైన్లు మన కళ్లెదుట ఉంటాయి, అర్థం చేసుకోవచ్చు. ప్రమాదం తీసేసిన వాటిలో ఉంటుంది, ఎందుకంటే అవి ఎందుకున్నాయో చెప్పేవాళ్లు ఎదురుగా లేరు.

ఒక లైన్ ‘పనికిరానిది’ అని తీసేస్తే, అది ఏ కమిట్‌లో వచ్చిందో వెతకండి. ‘గిట్ లాగ్’కి పెద్ద ఎస్ ఆప్షన్‌తో ఆ పదాన్ని ఇస్తే, అది వచ్చిన, పోయిన కమిట్‌లన్నీ చూపిస్తుంది. ఆ కమిట్ సందేశంలో కారణం ఉంటే అది ఇంకా వర్తిస్తుందో లేదో చూడాలి. ఇక మద్దతు లేని ఆపరేటింగ్ సిస్టమ్ కోసం పెట్టిందయితే నిశ్చింతగా పోనివ్వొచ్చు. కారణం ఏమీ లేకపోతే అప్పుడే అసలు పని మొదలవుతుంది.

మేక్‌ఫైల్‌లో చూడగానే అలంకారంలా అనిపించే గుర్తులు కొన్ని ఉన్నాయి. ప్రీరిక్విజిట్‌ల (టార్గెట్‌కి, అంటే తయారవ్వాల్సినదానికి, ముందుగా కావాల్సిన వాటి) మధ్య నిలువు గీత ఉంటే, దాని తర్వాతివి ముందుగా ఉండాలే గానీ అవి మారినంత మాత్రాన టార్గెట్‌ని మళ్లీ కట్టనక్కర్లేదని అర్థం. ఎవరో ఆ గీత తీసేస్తే, అవుట్‌పుట్ డైరెక్టరీ టైమ్‌స్టాంప్ మారినప్పుడల్లా ప్రాజెక్టంతా మళ్లీ కంపైల్ అవుతుంది. ఫోనీ ప్రకటన (ఈ టార్గెట్ ఫైల్ పేరు కాదు అని చెప్పేది) పోతే, ఎవరి డైరెక్టరీలోనైనా ‘టెస్ట్’ అనే పేరుతో ఫైల్ ఉన్నరోజున టెస్టులు నడవవు, ఎర్రర్ కూడా రాదు.

అన్నిటికన్నా చిన్న గుర్తు ప్రశ్నార్థకం. పాత మేక్‌ఫైల్‌లో సీఫ్లాగ్స్ (కంపైలర్‌కి ఇచ్చే ఆప్షన్లు) అనే వేరియబుల్‌కి ‘ప్రశ్న గుర్తు, ఈక్వల్’ వాడి ఓ2 (ఒక ఆప్టిమైజేషన్ స్థాయి) ఇచ్చి ఉంటుంది. ఇప్పటిదాకా ఎవరూ విలువ ఇవ్వకపోతేనే ఇది తీసుకో అని దాని అర్థం. క్లీనప్‌లో అన్ని అసైన్‌మెంట్లనీ ‘కోలన్, ఈక్వల్’కి మార్చారు, ఒకే తీరుగా ఉండాలని. మీ మెషీన్ మీద తేడా ఏమీ ఉండదు. కానీ డిస్ట్రో ప్యాకేజర్ (ఫెడోరా, డెబియన్ లాంటి లైనక్స్ పంపిణీకి ప్యాకేజీ కట్టే మనిషి) తన సెక్యూరిటీ ఫ్లాగులని ఎన్విరాన్‌మెంట్ ద్వారా పంపిస్తుంటే, అవన్నీ నిశ్శబ్దంగా పోతాయి. బిల్డ్ అవుతుంది, టెస్టులు పాస్ అవుతాయి, ప్యాకేజీ మాత్రం రక్షణలు లేకుండా బయటికెళ్తుంది. అందుకే ఏ మేక్‌ఫైల్ క్లీనప్ వచ్చినా, సీఫ్లాగ్స్, ఎల్‌డీఫ్లాగ్స్ (లింకర్‌కి, అంటే కంపైలైన ముక్కలని కలిపే టూల్‌కి, ఇచ్చే ఆప్షన్లు) రెండిట్లోనూ కొట్టొచ్చినట్టు కనిపించే ఒక దొంగ మాక్రో పెట్టి, ఎన్విరాన్‌మెంట్ ద్వారా ఒకసారి, కమాండ్ లైన్ ద్వారా ఒకసారి పంపి చూడండి. పాతదానిలో ఎక్కడెక్కడ కనిపించిందో కొత్తదానిలోనూ అక్కడక్కడ కనిపించాలి.

నాలుగో అడుగు: కంపైల్ కమాండ్‌లని వరసగా పెట్టి పోల్చండి

రెండు బిల్డుల కంపైల్ కమాండ్‌లనీ తీసుకుని, ప్రతి కమాండ్‌లోని ఆర్గ్యుమెంట్లని ఒక్కో లైన్‌కి ఒక్కటిగా విడదీసి డిఫ్ చేయండి. పది లైన్ల స్క్రిప్టుతో అయ్యే పని. నిజాయితీగా చేసిన క్లీనప్ అయితే ఈ డిఫ్ ఖాళీగానో, వివరించగలిగినంత చిన్నగానో ఉంటుంది. వరసని మాత్రం చెరపకండి: హెడర్ల కోసం వెతికే డైరెక్టరీల వరస మారితే, ప్రాజెక్టులోని హెడర్ బదులు సిస్టమ్‌లోని అదే పేరున్న పాత హెడర్ దొరకొచ్చు.

ముఖ్యంగా ఆప్టిమైజేషన్ స్థాయినీ, అసర్ట్‌లని ఆపేసే ఎన్‌డీబగ్ మాక్రోనీ చూడండి. ఒక బిల్డ్ సిస్టమ్ నుంచి ఇంకోదానికి మారేటప్పుడు ఎక్కువగా జారిపోయేవి ఇవే, ఎందుకంటే ఎవరూ వీటిని ఫైల్లో రాయరు, డిఫాల్ట్‌గా వస్తాయి. ఆటోకాన్ఫ్ (కాన్ఫిగర్ స్క్రిప్ట్ తయారుచేసే టూల్) జీసీసీకి డిఫాల్ట్‌గా డీబగ్ సమాచారంతో పాటు ఓ2 ఇస్తుంది. సీమేక్‌లో బిల్డ్ రకం చెప్పకపోతే ఆప్టిమైజేషన్ ఫ్లాగ్ అసలు ఉండదు. మెసన్ డిఫాల్ట్ డీబగ్ రకం, అంటే ఓ0. పైగా సీమేక్ రిలీజ్ రకంలో ఎన్‌డీబగ్ కూడా చేరుతుంది, అంటే అసర్ట్‌లన్నీ మాయమవుతాయి. అసర్ట్ బ్రాకెట్లలోనే ఎవరైనా ఒక ఫంక్షన్‌ని పిలిచి ఉంటే ఆ పిలుపు కూడా మాయమే. టెస్టులు అసర్ట్‌ల మీద ఆధారపడి రాసుంటే, అన్నీ పాస్ అవుతూనే ఉంటాయి, ఏమీ పరీక్షించకుండా.

ఫైళ్ల జాబితాని అక్షరక్రమంలో పెట్టడం అమాయకమైన మార్పుగా కనిపిస్తుంది. చాలాసార్లు అమాయకమైనదే. కానీ ఆబ్జెక్ట్ ఫైళ్లు లింకర్‌కి వెళ్లే వరస మారుతుంది. సీ ప్లస్ ప్లస్‌లో వేరువేరు ఫైళ్లలోని గ్లోబల్ ఆబ్జెక్టులు ఏ వరసలో పుడతాయో భాష చెప్పదు. ఆచరణలో అది లింక్ వరసని బట్టి ఉంటుంది. ఒక గ్లోబల్ ఇంకోదాని మీద ఆధారపడే కోడ్ ఇన్నాళ్లూ అదృష్టం కొద్దీ ఆడుతుండి ఉండొచ్చు. తప్పు సర్దినవాళ్లది కాదు, కానీ బయటపడేది వాళ్ల కమిట్‌లో. సీ ప్లస్ ప్లస్ ప్రాజెక్టులో ఇలాంటి కమిట్ వస్తే శానిటైజర్ (నడుస్తుండగా తప్పులని పట్టే టూల్) బిల్డుతో ఒకసారి నడిపించండి.

ఐదో అడుగు: కాన్ఫిగర్ చెక్‌ల దగ్గర కాసేపు కూర్చోండి

నా అనుభవంలో క్లీనప్‌ల వల్ల వచ్చే లోతైన బగ్‌లన్నీ ఇక్కడే పుట్టాయి. కారణం సూటిగా ఉంది. కాన్ఫిగర్ చెక్ ఫెయిలవడం ఎర్రర్ కాదు, అదొక జవాబు. ఆ ఫంక్షన్ ఈ సిస్టమ్‌లో ‘లేదు’ అని. చెక్ రాయడంలోనే తప్పుంటే కూడా అదే జవాబు వస్తుంది. బిల్డ్ ముందుకెళ్లిపోతుంది, ప్రత్యామ్నాయ కోడ్ కంపైల్ అవుతుంది, ఎవరికీ ఏమీ కనిపించదు.

దీనికి అందరూ గుర్తుపెట్టుకోవాల్సిన ఉదాహరణ ఎక్స్‌జెడ్ యుటిల్స్ అనే కంప్రెషన్ టూల్‌ది. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రోయిండ్ అనే డెవలపర్ ఎక్స్‌జెడ్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో బ్యాక్‌డోర్ (కావాలని దాచిపెట్టిన దొంగదారి) ఉందని బయటపెట్టారు. ఎస్‌ఎస్‌హెచ్ (దూరంగా ఉన్న మెషీన్‌లోకి వెళ్లే పద్ధతి) లాగిన్ దాదాపు అర సెకను ఆలస్యం అవుతుండటం ఆయన కంటపడింది. ఆ బ్యాక్‌డోర్ కథ అందరికీ తెలుసు. అదే దాడిలో భాగంగా జరిగిన ఇంకో చిన్న మార్పు గురించి రివ్యూ చేసేవాళ్లు ముఖ్యంగా తెలుసుకోవాలి. ల్యాండ్‌లాక్ అనే లైనక్స్ శాండ్‌బాక్స్ (ప్రోగ్రామ్ చేయగలిగినదాన్ని కట్టడి చేసే) సదుపాయం ఉందో లేదో చూడటానికి సీమేక్ ఫైల్లో ఒక చిన్న సీ ప్రోగ్రామ్ ముక్క పెట్టారు. అది కంపైలైతే శాండ్‌బాక్స్ ఆన్, కాకపోతే ఆఫ్. ఆ ముక్కలో హెడర్ల తర్వాత, ఫంక్షన్‌కి ముందు, ఒక లైన్‌లో ఒంటరిగా ఒక చుక్క ఉంది. ఒక్క ఫుల్‌స్టాప్. సీ భాషలో అది తప్పు కాబట్టి ముక్క ఏ సిస్టమ్‌లోనూ కంపైలవదు, సీమేక్‌తో చేసిన బిల్డుల్లో శాండ్‌బాక్స్ ఎక్కడా ఆన్ అవదు. కమిట్ సందేశం మాత్రం ఫీచర్ టెస్ట్‌ని సరిచేస్తున్నట్టు చెప్పింది. డిఫ్‌లో ఆ చుక్క ప్లస్ గుర్తు పక్కన, తెర మీద ఒక మరకలా కనిపించేదే. కళ్లతో పట్టుకోవడం ఎవరికైనా కష్టం. కానీ ముందూ తర్వాతా కాన్ఫిగర్ అవుట్‌పుట్‌ని పోల్చితే, ఉండాల్సిన చోట ‘లేదు’ అని ఒక లైన్‌లో నేరుగా కనిపిస్తుంది.

కాబట్టి ఈ అడుగులో చేయాల్సింది: కాన్ఫిగ్ హెడర్ పాతదీ కొత్తదీ సార్ట్ చేసి డిఫ్ చేయండి. కనిపించిన ప్రతి తేడాకీ కంట్రిబ్యూటర్ దగ్గర కారణం ఉండాలి. కొత్తగా రాసిన చెక్‌లు ‘లేదు’ అంటే, లాగ్‌లో కంపైలర్ ఇచ్చిన అసలు ఎర్రర్ తెరిచి చదవండి. ఫంక్షన్ దొరకలేదని ఉంటే సరే. సింటాక్స్ ఎర్రర్ అనో, హెడర్ లేదనో, వాడని వేరియబుల్ అనో ఉంటే తప్పు చెక్‌లోనే ఉంది. వార్నింగ్‌లని ఎర్రర్లుగా మార్చే ఫ్లాగ్‌ని కాన్ఫిగర్ చెక్‌ల కంటే ముందుకి జరిపితే సరిగ్గా ఇదే జరుగుతుంది. పాత చెక్‌లు కూడా చెడిపోతున్నాయి. ప్రకటించని ఫంక్షన్‌ని పిలవడం క్లాంగ్ కంపైలర్ 16లో, జీసీసీ 14లో ఎర్రర్ అయింది. హెడర్ చేర్చకుండా రాసిన పాత చెక్ ముక్కలు నిన్నటిదాకా ‘ఉంది’ అన్నవి, కొత్త కంపైలర్‌తో ‘లేదు’ అంటాయి.

ఇంకో సూక్ష్మం. ఆటోకాన్ఫ్ పద్ధతిలో ఫంక్షన్ లేకపోతే దాని మాక్రోని డిఫైన్ చేయదు. మెసన్‌లో ఒక పద్ధతి వాడితే అదే మాక్రో 0 అని డిఫైన్ అవుతుంది. సోర్స్ కోడ్‌లో ‘ఇఫ్‌డెఫ్’ అని అడుగుతుంటే, 0 అని డిఫైన్ అయినా అది డిఫైన్ అయినట్టే లెక్క. అంటే లేని ఫంక్షన్ ఉందనుకుంటుంది. మీ లైనక్స్ మెషీన్‌లో అన్ని ఫంక్షన్లూ ఉంటాయి కాబట్టి ఈ తప్పు అక్కడ కనబడదు. ఆ ఫంక్షన్ లేని ఏదో ఒక ప్లాట్‌ఫామ్ మీద బిల్డ్ విరుగుతుంది. కాన్ఫిగ్ హెడర్‌లో 0 విలువతో ఉన్న ప్రతి మాక్రోనీ సోర్స్‌లో గ్రెప్ చేసి, ఎలా అడుగుతున్నారో చూడండి.

నేను మెయింటెయిన్ చేసిన ఒక ప్రాజెక్టులో జరిగింది చెప్తాను. కాన్ఫిగర్ ఫైల్లో పెద్ద ఫైళ్లకి సంబంధించిన ఒకే ఒక్క లైన్ ఉండేది. ఒక క్లీనప్‌లో దాన్ని తీసేశారు, ఇది పాతకాలం నాటి చెక్ అని. నాకూ అలాగే అనిపించింది, ఆమోదించాను. 64 బిట్ మెషీన్లలో దానివల్ల ఏ తేడా లేదు. 32 బిట్ లైనక్స్‌లో మాత్రం ఫైల్ ఆఫ్‌సెట్‌ని 64 బిట్‌లు చేసే మాక్రో ఆ లైన్ వల్లే వచ్చేది. అది పోయాక 2 జీబీ దాటిన ఫైళ్లు తెరుచుకోవడం మానేశాయి. చిన్న ఏఆర్ఎమ్ బోర్డుల మీద బ్యాకప్ తీసుకునేవాళ్లకి రిలీజ్ తర్వాత తెలిసింది. ఒక్క 32 బిట్ కంటైనర్‌లో కాన్ఫిగ్ హెడర్‌ని పోల్చి ఉంటే ఐదు నిమిషాల్లో దొరికేది. ఆరోజు నుంచి 32 బిట్ పోలిక లేకుండా కాన్ఫిగర్ మార్పుని నేను ఆమోదించలేదు. మెసన్ ఆ మాక్రోని తనంతట తనే ఇస్తుంది, సీమేక్ ఇవ్వదు. వలస ప్యాచ్ అయితే ఇది తప్పక అడగండి.

ఆరో అడుగు: ఇన్‌స్టాల్ అయిన డైరెక్టరీ చెట్టుని తనిఖీ చేయండి

రెండు డెస్ట్‌డిర్ డైరెక్టరీల ఫైళ్ల జాబితాని డిఫ్ చేయండి. మాన్యువల్ పేజీలు, షెల్ కంప్లీషన్‌లు, అనువాద ఫైళ్లు, లైసెన్స్ ఫైల్: ఎక్కువగా తప్పిపోయేవి ఇవే, ఎందుకంటే అవి లేకపోయినా టెస్టులు పాస్ అవుతాయి. లోపలి తేడాలకి ‘డిఫోస్కోప్’ ఉంది. ప్యాకేజీలనీ బైనరీలనీ విప్పి ఎక్కడ తేడా ఉందో చూపిస్తుంది.

షేర్డ్ లైబ్రరీ ఉంటే సోనేమ్‌ని (ప్రోగ్రాములు ఆ లైబ్రరీని వెతికే పేరుని) ‘రీడెల్ఫ్’ అనే టూల్‌తో స్వయంగా చూడండి. లిబ్‌టూల్ (లైబ్రరీలు కట్టే టూల్) నుంచి వేరేదానికి మారేటప్పుడు ఈ ఒక్క తప్పు ఎంతోమందిని ఇబ్బంది పెడుతుంది. లిబ్‌టూల్ వెర్షన్ సమాచారం 7:2:4 అని ఉందనుకోండి. చూడగానే సోనేమ్ 7 అనిపిస్తుంది. కాదు. లైనక్స్‌లో మొదటి అంకె నుంచి మూడోది తీసేస్తే వచ్చేది సోనేమ్, అంటే 3. అసలు ఫైల్ పేరు చివర 3.4.2 ఉంటుంది. కొత్త బిల్డ్ ఫైల్లో 7 అని రాస్తే, ఆ లైబ్రరీ వాడే ప్రతి ప్రోగ్రామూ మళ్లీ బిల్డ్ చేయాల్సి వస్తుంది, అసలు ఇంటర్‌ఫేస్ ఏమీ మారకపోయినా.

బయటికి కనిపించే సింబల్స్ జాబితాని కూడా ‘ఎన్ఎమ్’తో తీసి పోల్చండి. వెర్షన్ స్క్రిప్ట్ ఫ్లాగో, విజిబిలిటీ ఫ్లాగో జారిపోతే, లోపల ఉండాల్సిన ఫంక్షన్లు వందల కొద్దీ బయటికొస్తాయి. అలా ఒకసారి రిలీజ్ అయితే ఎవరో ఒకరు వాటిని వాడటం మొదలుపెడతారు, ఇక వెనక్కి తీసుకోలేం. లిబ్‌అబిగెయిల్‌లోని ‘ఏబీఐడిఫ్’ ఇంకా లోతుగా, టైపుల దాకా పోల్చుతుంది.

ప్యాకేజ్ కాన్ఫిగ్ ఫైల్ (లైబ్రరీని ఎలా లింక్ చేయాలో వాడేవాళ్లకి చెప్పేది) కూడా తెరిచి చదవండి. స్టాటిక్ లింకింగ్‌కి కావాల్సిన లైబ్రరీలు ప్రైవేట్ లైన్‌లో ఉండాలి. ‘రెండు లైన్లెందుకు’ అని కలిపేస్తే, వాడేవాళ్లందరికీ అక్కర్లేని డిపెండెన్సీలు అంటుకుంటాయి. లైబ్రరీ డైరెక్టరీ పేరు కూడా గట్టిగా రాసేసి ఉండకూడదు. ఫెడోరాలో 64 బిట్ లైబ్రరీలకి లిబ్64, డెబియన్‌లో ఆర్కిటెక్చర్ పేరుతో వేరే డైరెక్టరీ. వాటిని ఇన్‌స్టాల్ చేసేవాళ్లే నిర్ణయించాలి.

ఏడో అడుగు: రెండోసారి బిల్డ్ చేయండి, వరస మార్చి బిల్డ్ చేయండి

సీఐ ఎప్పుడూ ఖాళీ డైరెక్టరీలో మొదలుపెడుతుంది. రోజూ పనిచేసే డెవలపర్ అలా కాదు. ఒక హెడర్‌ని మార్చి మళ్లీ బిల్డ్ చేయండి. దాన్ని వాడే ఫైళ్లన్నీ, అవి మాత్రమే, మళ్లీ కంపైల్ అవ్వాలి. ఏమీ మార్చకుండా మళ్లీ బిల్డ్ చేస్తే ఏ పనీ జరగకూడదు.

జాబితా బదులు వైల్డ్‌కార్డ్ (ఈ రకం ఫైళ్లన్నీ అని చెప్పే గుర్తు) పెట్టడం క్లీనప్‌లలో అందరికీ నచ్చే మార్పు. నేను సాధారణంగా వద్దంటాను. సీమేక్‌లో గ్లాబ్ అనే వైల్డ్‌కార్డ్ పద్ధతి వాడితే, కొత్త ఫైల్ చేరినప్పుడు కాన్ఫిగర్ దశ మళ్లీ నడవదు. 3.12 నుంచి దానికి ఒక ఆప్షన్ ఉన్నా, అది అన్ని జనరేటర్లలోనూ నమ్మకంగా పనిచేస్తుందని సీమేక్ వాళ్లే హామీ ఇవ్వరు. గ్నూ మేక్‌లో వైల్డ్‌కార్డ్ ఫలితం 3.82 నుంచి సార్ట్ అవ్వడం మానేసి, 2020లో వచ్చిన 4.3తో మళ్లీ సార్ట్ అవుతోంది. మధ్యలోని వెర్షన్లున్నచోట ఫైల్ సిస్టమ్ ఇచ్చిన వరసే లింక్ వరస.

పారలల్ బిల్డ్ కోసం గ్నూ మేక్ 4.4లో ‘షఫుల్’ ఆప్షన్ వచ్చింది. ప్రీరిక్విజిట్‌ల వరసని కలగాపులగం చేసి నడుపుతుంది. రాసిన వరస వల్ల మాత్రమే నెగ్గుకొస్తున్న, చెప్పకుండా వదిలేసిన డిపెండెన్సీలు దీనితో బయటపడతాయి. పది ఇరవై సార్లు నడిపించండి.

ఎనిమిదో అడుగు: అందరికీ పనికొచ్చే కాంబినేషన్లు కొన్ని ఎంచుకోండి

అన్ని ఆప్షన్లనీ అన్ని ప్లాట్‌ఫామ్‌ల మీదా చూడటం ఎవరివల్లా కాదు. ఈ బిల్డులు ఎంచుకోండి: ఐచ్ఛిక డిపెండెన్సీలన్నీ ఆఫ్ చేసి ఒకటి, అన్నీ ఆన్ చేసి ఒకటి, స్టాటిక్ ఒకటి, క్రాస్ కంపైల్ (వేరే రకం మెషీన్ కోసం కంపైల్ చేయడం) ఒకటి. ఆఫ్ చేసిన బిల్డ్ ముఖ్యం: ఆఫ్ అని చెప్పినా లైబ్రరీ సిస్టమ్‌లో ఉందని గుట్టుగా లింక్ చేసుకుంటోందేమో చూడాలి. క్రాస్ కంపైల్‌లో, కాన్ఫిగర్ దశలో ప్రోగ్రామ్‌ని నడిపి చూసే చెక్‌లు ఎదురుదెబ్బ తింటాయి. సోర్స్ డైరెక్టరీని రైట్ పర్మిషన్ లేకుండా చేసి, బయటి డైరెక్టరీలో బిల్డ్ చేయడం ఇంకోటి.

రిలీజ్ టార్‌బాల్ (విడుదల చేసే సోర్స్ కోడ్ కట్ట) తయారుచేసి, దాని నుంచి బిల్డ్ చేయడం మర్చిపోకండి. ఎక్స్‌జెడ్ విషయంలో బ్యాక్‌డోర్‌ని మేల్కొలిపే ఎమ్4 ఫైల్ (కాన్ఫిగర్ స్క్రిప్ట్ తయారీకి వాడేది) గిట్‌లో లేదు, టార్‌బాల్‌లో మాత్రమే ఉంది. అందుకని టార్‌బాల్‌లోని ఫైళ్ల జాబితాని గిట్ జాబితాతో పోల్చండి. అదనంగా ఉన్న ప్రతి ఫైలూ ఏ టూల్ తయారుచేసిందో చెప్పగలగాలి. క్లీనప్ పేరుతో జనరేట్ అయిన ఫైళ్లు గానీ, బైనరీ టెస్ట్ ఫైళ్లు గానీ వస్తే, వాటిని మీ మెషీన్ మీద మీరే మళ్లీ తయారుచేసి సరిపోల్చండి. ఇది ఎవరినో అనుమానించడం కాదు. అందరి ప్యాచ్‌లకీ ఒకేలా చేస్తే ఎవరూ చిన్నబుచ్చుకోరు.

తొమ్మిదో అడుగు: వెర్షన్ పెంపు, వలస

కనీస సీమేక్ వెర్షన్ పెంచడం ఇప్పుడు తప్పని పని. 2025లో వచ్చిన సీమేక్ 4.0, 3.5 కంటే తక్కువ కోరే ప్రాజెక్టులకి మద్దతు మానేసింది. అయితే ఆ అంకె కేవలం కనీస అర్హత కాదు. ఆ వెర్షన్ దాకా వచ్చిన కొత్త పాలసీలన్నీ (సీమేక్ ప్రవర్తనని మార్చే నియమాలన్నీ) దాంతోపాటు ఆన్ అవుతాయి. ఉదాహరణకి 3.13కి పెంచితే, ఆప్షన్ కమాండ్ అదే పేరుతో ముందే ఉన్న మామూలు వేరియబుల్‌ని గౌరవిస్తుంది. అంతకుముందు దాన్ని తుడిచేసేది. ఒక్క అంకె మారిన ప్యాచ్‌కి కూడా ఐదో అడుగు పూర్తిగా చేయండి.

మొత్తం బిల్డ్ సిస్టమ్‌నే మార్చే ప్యాచ్‌ని క్లీనప్‌గా తీసుకోకండి. కొంతకాలం పాతదీ కొత్తదీ పక్కపక్కన ఉంచడమే మంచి దారి. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ప్రాజెక్టు అలాగే చేసింది: 2023లో 16వ వెర్షన్‌తో మెసన్ వచ్చింది, విండోస్ కోసం ఉన్న పాత స్క్రిప్టులని 2024లో 17వ వెర్షన్‌లో తీసేశారు, ఆటోకాన్ఫ్ దారిని మాత్రం ఉంచారు. రెండూ ఉన్నన్నాళ్లూ పై పోలికలన్నీ సీఐలోనే రోజూ నడిపించుకోవచ్చు.

పదో అడుగు: రాసేటప్పుడు

రివ్యూ వ్యాఖ్యలో అభిప్రాయం కంటే ఆధారం పెట్టండి. ‘ఇది రిస్క్ అనిపిస్తోంది’ అంటే కంట్రిబ్యూటర్ చేయగలిగింది ఏమీ లేదు. ఇలా రాయొచ్చు: ‘ఇన్‌స్టాల్ జాబితా పోల్చాను. మాన్యువల్ పేజీలు రెండు తగ్గాయి, డిఫ్ కింద పెట్టాను. కావాలని తీసేశారా?’ ఇంకోటి: ‘ఈ చెక్‌ని ఫలానా కమిట్‌లో ఒక ప్రత్యేకమైన కంపైలర్ కోసం చేర్చారు. ఆ కంపైలర్‌కి మన మద్దతు ఆగిపోయింది కాబట్టి తీసేయడం సరైనదే. ఆ సంగతి కమిట్ సందేశంలో రాస్తారా?’ ఈ రెండో రకం వ్యాఖ్య చాలా విలువైనది. పదేళ్ల తర్వాత ఇదే ఫైల్‌ని సర్దేవాళ్లు మీరు వెతికినట్టు వెతకాల్సిన పని ఉండదు.

పేర్ల మీద, ఖాళీల మీద మీకున్న ఇష్టాయిష్టాలని ఈ ప్యాచ్‌లో పెట్టకండి. ఎవరూ చేయని పనిని ఒకరు చేస్తున్నారు, మీ శ్రద్ధంతా హామీ నిలబడిందా లేదా అన్నదాని మీదే ఉండాలి. పోలికలు మీరొక్కరే చేయనక్కర్లేదు కూడా. మీ స్క్రిప్టుని రిపోజిటరీలో పెట్టి, కంట్రిబ్యూటర్‌నే నడిపి ఫలితం జతచేయమనండి. ఎక్కువమంది సంతోషంగా చేస్తారు, వాళ్లకీ తమ పని మీద నమ్మకం కుదురుతుంది.

మెర్జ్ చేసే సమయం కూడా మీ చేతిలోనిదే. రిలీజ్‌కి ముందు వారం వద్దు, రిలీజ్ అయిన మర్నాడు మంచిది. కనిపించే ఏ మార్పు ఉన్నా, ఆప్షన్ పేరు మారినా, డిఫాల్ట్ మారినా, రిలీజ్ నోట్స్‌లో ప్యాకేజర్ల కోసం ఒక విభాగం పెట్టి రాయండి. వీలైతే క్యాండిడేట్ (విడుదలకి ముందు పరీక్షించే వెర్షన్) టార్‌బాల్‌ని రెండు మూడు డిస్ట్రోల ప్యాకేజర్లకి ముందే పంపండి. మీరు ఊహించని ఆప్షన్లు వాళ్ల స్క్రిప్టుల్లో ఉంటాయి. రెండో అడుగులో దాచుకున్న పాత జాబితాలనీ లాగ్‌లనీ పుల్ రిక్వెస్ట్‌కే జతచేసి ఉంచండి. క్యాండిడేట్ బిల్డ్ చేసిన ప్యాకేజర్ ‘ఈ ఫైల్ ఇదివరకు వచ్చేది కదా’ అని అడిగినప్పుడు, పాత కమిట్‌ని మళ్లీ బిల్డ్ చేయకుండానే జవాబివ్వొచ్చు.